పొగ పెట్టిందెవరు?

"ఆపండి! ఇంజను ఆపెయ్యండి!"

తనిఖీ అధికారిణి అరుపు ఇంజను హోరులో సగమే వినిపించింది. మిగతా సగం ఆవిడ చేతులు చెప్పాయి. రోలర్ల మీద గిర్రున తిరుగుతున్న వెనక చక్రాలు నెమ్మదించాయి. కానీ అప్పటికే కొంప మునిగింది. ఎర్ర పికప్ ట్రక్కు సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చిన నల్లటి పొగ షెడ్డు కప్పు కిందకు చేరి, అద్దె కట్టిన మనిషిలా దర్జాగా తిష్ట వేసింది. గోడ మీది తెరలో అంకె ఎర్రగా వెలిగింది.

కోడలు ఆ అంకె వంక నమ్మలేనట్టు చూసింది.

ఆ ట్రక్కులో ఆమె చెయ్యి పడని చోటు లేదు. మామగారు ఒకప్పుడు లారీ నిలిపిన షెడ్డునే వర్క్‌షాపుగా మార్చి, ఏడాదిపాటు ఒక్కో భాగం బిగించి, ఆ ముసలి ఇంజనుకి రెక్కలు తొడిగింది. అదీ పొగ నిబంధనల్లో ఒక్కటి కూడా దాటకుండా. నిన్న సాయంత్రం గొట్టానికి తెల్ల రుమాలు అడ్డం పెడితే, తెల్లగా వెళ్ళిన రుమాలు తెల్లగానే తిరిగొచ్చింది. రాత్రికి రాత్రి ఏమైంది?

"మార్చిన బండికి రెండే అవకాశాలు," అంది అధికారిణి అద్దాలు తుడుచుకుంటూ. "ఒకటి అయిపోయింది. రెండోది కూడా పోయిందంటే, మీరు బిగించినవన్నీ విప్పించేస్తాను. బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా అయిపోవాలి. గేటు మూసేలోగా తేల్చుకోండి."

ఏడాది కష్టం. రేపు పొద్దున్నే కొండ ఎక్కే పందెం. ఈవిడ ముద్ర లేకపోతే బండిని గీత దగ్గరికి కూడా రానివ్వరు.

డ్రైవరు సీట్లోంచి భర్త దూకాడు. "నేనేం చెయ్యలేదు! నువ్వు చెప్పినట్టే తొక్కాను!"

"మిమ్మల్ని ఎవరన్నారండీ? ముందు బండి బయటికి తియ్యండి."

బయట వరసలో నిలబడ్డ ట్రక్కుల మధ్యనుంచి ఒక నవ్వు వినిపించింది. పొగబాబు. ఆ పేరు ఊరు పెట్టింది. పరీక్ష రోజు మాత్రం బుద్ధిమంతుడిలా అసలు గొట్టం బిగించుకొచ్చి, ఇంటికెళ్ళగానే దాన్ని పీకి అటక మీద పడేసే రకం. రేపటి పందెంలో వీళ్ళకి ఎదురున్నది అతనే.

"ఏం చెల్లెమ్మా, పొగ రాకుండా పరిగెత్తే బండన్నావు! లోపల పొయ్యి గానీ వెలిగించావా?"

"నీ వంటేం కాదులే అన్నా, మాడిపోవడానికి," అంది కోడలు వెనక్కి తిరక్కుండానే.

మాటకి మాట అంది గానీ, మనసు మాత్రం రోడ్డు అవతలున్న టీ కొట్టు బల్ల మీదికి పోయింది. అక్కడ మామగారు కూర్చుని ఉన్నారు. చుట్టూ ఆయన పాత లారీ స్నేహితులు. మిట్టమధ్యాహ్నం, చెవుల దాకా ఉన్ని టోపీ. ఆయన తలకి ఎండ పడదని అత్తగారంటే నిజమే అనుకుంది గానీ, మరీ ఉన్ని టోపీయా?

ఆయన వచ్చింది వేడుక చూడ్డానికే. ఏడాదిగా వర్క్‌షాపుని ఆయన పిలిచే పేరు బొమ్మలకొట్టు. "పొగ రాని బండీ, నోరు లేని మనిషీ ఒకటే. రెండింటికీ ఎవరూ దారివ్వరు," అని భోజనం దగ్గర రోజూ ఒకసారైనా అనకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఆ బండిని చేత్తో ముట్టనని స్నేహితుల ముందు పంతం పట్టారు కూడా. కోడలు అన్నం వడ్డిస్తే తిన్నారు, మందు బిళ్ళలు చేతికిస్తే మింగారు. మెకానిక్కు అని మాత్రం ఒక్కసారి నోటితో అనలేదు.

ఇప్పుడాయన వినోదం చూడాలి కదా! మరి ముఖం అలా వేలాడేసుకున్నారేం?

ఆలోచించే తీరిక లేదు. ఆమె బానెట్ తాళం తీసింది. తాళం మీద గీత పడలేదు. తాళం చెవులు రెండే. ఒకటి తన కొంగు ముడిలో, రెండోది ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి.

బానెట్ ఎత్తింది. చూసి ఒక్కక్షణం ఆగిపోయింది.

లోపల ఎవరో తుడిచారు. తను నిన్న వదిలేసిన వేలిముద్రలు కూడా లేవు. బోల్టు తలలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వైర్ల మీద దుమ్ము లేదు. గాలి డబ్బా క్లిప్పులు ఒక్కటి తప్పకుండా పెట్టి ఉన్నాయి.

"దొంగ పనే!" అన్నాడు భర్త పళ్ళు కొరుకుతూ.

"ఇంత శుభ్రమైన దొంగ దొరికితే ఇంట్లో పనికి పెట్టుకుందాం. పక్కకి జరగండి."

గాలి డబ్బా మూత తీసింది. ఇంజను పీల్చే గాలిని వడకట్టే గుడ్డ ఫిల్టరు అందులో ఉంటుంది. నిన్న పెట్టినప్పుడు అది పూచిక పుల్లంత తేలిక. ఇప్పుడు చేతికి తీస్తే తడిసిన తువ్వాల్లా బరువుగా వేలాడింది. కింద నుంచి చుక్కలు కారుతున్నాయి. వేలికి జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంది.

చల్లటి, ఘాటైన, కళ్ళు చెమ్మగిల్లే వాసన.

"తలనూనె," అంది.

"ఏంటీ?"

"తలనూనెండీ. ఎవరో ఫిల్టరుకి తలంటు పోశారు."

అక్కడినుంచి కథంతా ఆమెకి అరచేతిలో గీతల్లా కనిపించింది. పొడిగా ఉండాల్సిన ఫిల్టరులోంచి ఆ నూనెని ఇంజను గాలితోపాటు లోపలికి లాక్కుంది. దారిలో గాలిని కొలిచే సెన్సరు, జుట్టంత సన్నటి తీగ. దాని మీద నూనె పేరుకుంది. తీగ కళ్ళు మూసుకుపోయి కంప్యూటరుకి తప్పుడు లెక్క చెప్పింది. కంప్యూటరు నమ్మి, కావలసినదానికన్నా ఎక్కువ పెట్రోలు పోసింది. మండగా మిగిలింది పొగై వచ్చింది.

భర్త ఆగలేదు. చొక్కా చేతులు మడిచి పొగబాబు మీదికి వెళ్ళాడు. "ఎదురుగా గెలవలేక నూనె పోస్తావట్రా?"

"నూనేంటి?"

"తలనూనె!"

పొగబాబు ఒక్కక్షణం తెల్లబోయి, తర్వాత తన గరుకు జుట్టులో వేళ్ళు దూర్చి చూపించాడు. "ఇది చూడు తమ్ముడూ. మా అమ్మ పోయాక దీనికి నూనె తగల్లేదు. వాసన చూస్తావా? రా, సిగ్గుపడకు, చూడు!"

వరసలో ఉన్న డ్రైవర్లంతా ఘొల్లుమన్నారు. భర్త వాసన చూడకుండానే తిరిగొచ్చాడు.

ఈలోగా కోడలు ట్రక్కు చాటుకి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, అలమారలో చల్లనూనె సీసా ఉందా?"

"సీసా ఉంది. అందులో నూనె లేదు," అంది అత్తగారు. "మొన్ననే కొన్న కొత్త సీసా. అడిగితే మీ మామయ్య, తల వేడెక్కిందే, మొత్తం పెట్టేశానంటాడు. ఆయనకున్న ఆ నాలుగు వెంట్రుకలకి సీసాడు నూనె ఏం చేసుకుంటాడమ్మా, వేయించుకుంటాడా? పైగా తెల్లారకముందే లేచి షెడ్డులోకెళ్ళాడు. ఏంటంటే పిల్లి వచ్చిందన్నాడు. పిల్లికి పాత బనీను ఎందుకు తీసుకెళ్ళాడో!"

"పిల్లి దొరికిందిలే అత్తయ్యా," అని కోడలు ఫోను పెట్టేసింది.

రోడ్డు అవతలికి చూసింది. మామగారు కూడా ఇటే చూస్తున్నారు. చూపులు కలిశాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి టోపీ మీదికి పోయింది. వెంటనే వాన వస్తుందేమో చూస్తున్నట్టు ఆకాశం కేసి తిరిగారు. మబ్బుతునక లేదు.

బొమ్మలకొట్టు అని వెక్కిరించిన మనిషి, తెల్లవారుజామున దొంగలా లేచి, తన బనీనుతో ఆ బండిని తుడిచాడు. బోల్టు బోల్టూ. కోడలికి నవ్వొచ్చింది, కోపమొచ్చింది. రెండూ దిగమింగి పనిలో పడింది.

పెట్టెలో అదే రకం ఫిల్టరు ఇంకొకటి ఉంది. సెన్సరు విప్పి, తీగకి చెయ్యి తగలకుండా, కడిగే మందు కొట్టింది. అదేదో చంటిపిల్ల కంట్లో నలక అన్నట్టు ఊపిరి బిగబట్టి ఆరనిచ్చింది. గాలి గొట్టం లోపలి జిడ్డంతా గుడ్డతో తీసింది. అన్నీ బిగించాక ట్రక్కుని బాగా తిప్పుకురమ్మని భర్తని పంపింది. వెళ్ళేటప్పుడు దగ్గింది. వచ్చేటప్పుడు దగ్గు లేదు.

"మేడం, రెండోసారికి సిద్ధం."

చక్రాలు మళ్ళీ రోలర్ల మీదికి ఎక్కాయి. భర్త తొక్కాడు. ఇంజను గొంతు సన్నగా మొదలై, నిండుగా మారి, షెడ్డు రేకులన్నీ తాళం వేసేంతగా ఎదిగింది. కోడలు తెరవంక చూడలేదు. గొట్టం వంకే చూసింది. దాని వెనక గోడ మీది పగుళ్ళు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పొగ లేదు. వేడిగాలి వణుకు తప్ప ఏమీ లేదు.

పచ్చ అంకె వెలిగింది.

అధికారిణి తెర దగ్గరికెళ్ళి మళ్ళీ చూసింది. "ఇంత బలానికి ఇంత తక్కువ పొగా?" అంది తనలో తాను. డ్రైవర్లు ఈలలు వేశారు. భర్త కిందికి దూకి, ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక పొగబాబునే కౌగిలించుకున్నాడు. "పొద్దున్న చూసుకుందాంలే, వదలరా బాబూ!" అని గింజుకున్నాడతను.

అధికారిణి మాత్రం ముద్ర చేతిలో పట్టుకుని ఆగింది.

"ఒక్క మాట. తాళం వేసిన బండిలో ఎవరో చెయ్యి పెట్టారు. ఇవాళ నూనె. రేపు కొండ మీద బ్రేకు గొట్టమైతే? పెట్టిందెవరో నా ముందు చెప్పందే ముద్ర పడదు."

టీ కొట్టు బల్ల ఖాళీ అయింది. లారీ ముసలాళ్ళంతా షెడ్డు గుమ్మంలో ఉన్నారు. వాళ్ళ వెనక ఉన్ని టోపీ. పంతం పట్టిన మనిషిని ఆ స్నేహితుల ముందు ఎలా చిన్నబుచ్చడం?

"నేనే మేడం," అంది కోడలు. "పొరపాటున."

"నువ్వా? వాసన చూసి రోగం చెప్పిన నువ్వు, ఫిల్టరుకి తలనూనె పోశావా?" అద్దాల మీదుగా చూసింది అధికారిణి. "అలా పోసే మెకానిక్కుకి నేను అనుమతి ఉంచకూడదు. రద్దు చెయ్యాల్సి వస్తుంది. ఆలోచించుకుని చెప్పు."

"నువ్వెందుకు పోస్తావే?" అన్నాడు భర్త అయోమయంగా.

కోడలు తల వంచుకుంది. "చెప్పాను కదండీ. నేనే."

"అబద్ధం!"

ఘాట్ రోడ్ల మీద హారను పనిచేయనప్పుడు ముందు లారీని తప్పించిన గొంతు అది. ముసలాళ్ళు దారి ఇచ్చారు. మామగారు నడిచొచ్చి ట్యూబులైటు కింద నిలబడి టోపీ తీశారు. నున్నటి గుండు తళుక్కుమంది. చల్లటి ఘాటు వాసన షెడ్డంతా పరుచుకుంది. భర్త నోరు తెరిచాడు.

"మా లారీల్లో గాలి డబ్బా అడుగున నూనె గిన్నె ఉండేదమ్మా," అన్నారు అధికారిణితో. "నూనె లేకపోతే దుమ్ము లోపలికి పోయి ఇంజను చచ్చేది. తెల్లారగట్ల మూత తీసి చూస్తే, గుడ్డ పొడిగా ఉంది. పిల్ల హడావుడిలో మరిచిపోయిందనుకున్నాను. లేపి చెబుదామంటే..." ఆయన స్నేహితుల వంక ఓరగా చూశారు. "ముట్టనన్నాను కదా. ఇంట్లో ఉన్నవాటిలో మంచి నూనె అదే. నా తలకి పెట్టేది దానికి పెట్టాను. చేతికంటింది తలకి రాసుకున్నాను."

అధికారిణి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని అందరికీ తెలిసిపోయింది. "అయితే దొంగ మీరేనన్నమాట. ఎవరని రాసుకోమంటారు?"

మామగారు కోడలివైపు చూశారు. టోపీ పిండుతున్నట్టు రెండు చేతుల్తో నలిపారు. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చి, రోడ్డు అవతల టీ కొట్టువాడికి కూడా వినిపించేలా చెప్పారు.

"రాసుకోండి. దొంగ, ఈ మెకానిక్కుగారి మామ!"