ప్రజలు దయచేసినప్పుడు

శాసనసభ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన పన్నెండేళ్లలో ఆమె ఒక్క అక్షరం తప్పు కొట్టలేదు. అందుకే అందరూ తప్పుల్లేనమ్మ అనేవారు. ఆమె పై అధికారి కార్యదర్శిగారికి మాత్రం అన్నిటికీ తొందరే.

పరాయి రాజు పాలన పది రోజుల్లో ముగుస్తుందనగా ఆయన పాత చట్టాల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద ధబ్బున పడేశాడు.

“ఇక రాజుగారు లేరమ్మా, అంతా ప్రజలే! రాజుగారు అని ఉన్నచోటల్లా ప్రజలు అని కొట్టెయ్. ఎల్లుండి సభలో పెట్టాలి.”

“అన్నిచోట్లా అతకదేమోనండీ...”

“రాజ్యాంగం రాసేది నువ్వా, నేనా?”

ఆమెకు ఒళ్లు మండింది. సరే, చెప్పింది చెప్పినట్టే చేద్దామనుకుని వేళ్లు పడిపోయేలా కొట్టింది. ఆయన చదవకుండానే సంతకం గిలికాడు.

సభలో చదవాల్సి వచ్చిందీ ఆయనే.

“ప్రజల పుట్టినరోజున కార్యాలయాలన్నిటికీ సెలవు.”

“అయితే ఏడాది పొడుగునా సెలవే!” అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు.

“ప్రజల గుర్రానికి రోజూ రెండు మోపుల గడ్డి...”

సభ గొల్లుమంది. కార్యదర్శి మొహం కందగడ్డయింది. తలుపు పక్కన కూర్చుని ఆమె అంతా వింటోంది. పన్నెండేళ్ల మంచిపేరు ఏట్లో కలిసినట్టే!

“ఇది టైపిస్టు తప్పండీ,” అన్నాడాయన.

ఆమె దిగ్గున లేచింది. “తప్పు కాదండీ. వారు చెప్పినట్టే కొట్టాను.”

నవ్వులు సద్దుమణిగాక ఆయన నీరసంగా తర్వాతి వాక్యం చదివాడు. “ప్రజలు దయచేసినప్పుడు అధికారులు లేచి నిలబడవలెను.”

పడవ నడుపుకునే ముసలి సభ్యుడొకాయన చెయ్యెత్తాడు. “దాని జోలికి మాత్రం పోకండి బాబూ. ఒక్క కాగితం కోసం ఆ గుమ్మాల్లో నాలుగేళ్లు నిలబడ్డాను. వాళ్లూ కాసేపు నిలబడితే కాళ్లేం అరిగిపోవు.”

బల్లలు దద్దరిల్లాయి. గుర్రం, పుట్టినరోజు కొట్టివేతలో పోయాయి. ఆ వాక్యం మాత్రం మూడు ఓట్ల తేడాతో నెగ్గింది.

స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు ఒకావిడ అర్జీ పట్టుకుని కార్యాలయంలోకి వచ్చింది. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో పెద్దమనిషి వెనకాలే వస్తున్నాడనుకుని ఆవిడ హడలిపోయి గోడకు అతుక్కుపోయింది.

తప్పుల్లేనమ్మ గబగబా కుర్చీ లాగింది. “మీకోసమేనమ్మా, కూర్చోండి.”

“అమ్మో, అంత పెద్దవాళ్ల ముందు నేను కూర్చోవడమా!”

“కూర్చో తల్లీ, నీకు పుణ్యముంటుంది,” అన్నాడు కార్యదర్శి, బల్ల పట్టుకుని. “నా మోకాళ్లు పట్టేస్తున్నాయి.”