తలుపు వేసిన చెయ్యి

రేగుపండంత మడమ. స్పిరిట్ దూది చల్లగా తగలగానే చిట్టి వేళ్లు విచ్చుకుంటాయి.

రక్తపరీక్షకు అక్కడే సూది గుచ్చాలి.

లారీలు ఎర్రదుమ్ము లేపుకుంటూ పోయే దారిలో మా చిన్న ఆసుపత్రి. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే నర్సుని. ఎన్ని మడమలు గుచ్చానో!

గుచ్చే ముందు తల్లిని బయట కూర్చోబెట్టి తలుపు వేసేదాన్ని. బాలింత కంటతడి పెడితే పాలు ఇంకిపోతాయని మా వైపు భయం. దయతోనే వేశాను. దయతోనే — ఎన్నిసార్లు చెప్పుకున్నానో ఈ మాట నాకు నేనే.

రంజిత మొదటి బిడ్డకూ అలాగే వేశాను.

లోపల బిడ్డ ఏడ్చింది… బయట తల్లి తలుపు బాదింది.

నేను తియ్యలేదు.

మూడో రోజు కామెర్లు ముదిరి, బళ్ళారికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది బిడ్డ. సూదికీ ఆ చావుకీ సంబంధం లేదు. తెలుసు నాకు. అయినా ఆ ఏడుపు నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే వినిపిస్తుంది. కొళాయి తిప్పితే వినిపిస్తుంది.

ఈ పొద్దున రంజిత మళ్లీ వచ్చింది. ఒళ్లో రెండో బిడ్డ, నాలుగు రోజులది. కళ్లు పచ్చబడ్డాయి. రక్తం చూడాలి… ఇవాళే చూడాలి.

"సుంకలమ్మక్కా! ఆ తలుపు ఎనక్కి మళ్లా బిడ్డను ఇయ్యను."

ఇవ్వకపోతే ఈ బిడ్డా దక్కదేమో.

పోయిన నెల ట్రైనింగులో చెప్పారు — తల్లి పాలు తాగుతుండగా గుచ్చితే బిడ్డకు నొప్పి తగ్గుతుందని. ఈ వయసులో నాకు పాఠాలా అని వెనక బెంచీలో కునికిపాట్లు పడ్డాను. సిగ్గులేనిదాన్ని!

తలుపు బార్లా తెరిచాను.

"ఈడ్నే కూచో తల్లీ. నీ ఒళ్లోనే ఉండనీ. పాలు పట్టు. బాగా తాగుతాంటే అప్పుడు గుచ్చుతా."

ఒక గుటక… ఇంకో గుటక…

గుచ్చాను.

బిడ్డ ఆగింది. నుదురు ముడిచింది.

మళ్లీ తాగింది.

ఏడవలేదు.

గాజు గొట్టంలోకి రక్తం పట్టాను. ఇంతేనా? ఇంత తేలికా, దేవుడా!

రంజిత నన్నే చూస్తోంది.

"అప్పుడూ ఇట్లే చేసుండొచ్చు కదక్కా?"

అప్పుడు తెలియదని చెప్పొచ్చు. అందరూ అలాగే చేసేవాళ్లని చెప్పొచ్చు…

"చేసుండొచ్చు తల్లీ" అన్నాను.

ఆమె కొంగు లాగి, బిడ్డ కాలు నాకు కనపడకుండా కప్పేసింది.