చివరి కొక్కెం నాదే

నేను ఒక రేకుముక్కని. లీగు పట్టికను అందరూ పైనుంచి చదువుతారు. నన్ను వెతుక్కోవాలంటే కిందినుంచి మొదలుపెట్టండి, మీకూ టైము కలిసొస్తుంది.

నా పుట్టుక ఓ కార్బైడు డబ్బా మూతగా. గనిలోకి దిగేవాళ్ల దీపాలకు కార్బైడు పోసే రోజులవి. డబ్బా ఖాళీ అయ్యాక నన్ను సుత్తితో చదును చేసి, పైన బెజ్జం కొట్టి, పచ్చరంగు పూసి, 'రెండో ఇంక్లైన్ యంగ్‌మెన్' అని తెల్లగా రాశారు. ఇంక్లైన్ అంటే బొగ్గుగని. మా ఊళ్లో పేటలకైనా, ఫుట్‌బాల్ జట్లకైనా గని నెంబరే ఇంటిపేరు.

జట్టును పెట్టింది ఇంగ్లండు నుంచి వచ్చిన మేనేజరు దొర. ఆట నేర్పి ఊరుకున్నాడా? వాళ్ల దేశంలోలాగే మూడు డివిజన్లు పెట్టి, గెలిచినవాడు పైకి, ఓడినవాడు కిందికి అనే తద్దినం కూడా తగిలించి ఓడెక్కి వెళ్లిపోయాడు. మైదానం గోడకు డివిజన్‌కో చెక్క, చెక్క నిండా కొక్కేలు, జట్టుకో రేకు. ఆదివారం ఆటలయ్యాక రేకుల్ని పైకీ కిందికీ మార్చేవారు.

నేనూ ఒకప్పుడు మొదటి డివిజన్ చెక్క మీద పరువుగా వేలాడినదాన్నే. అక్కణ్ణుంచి రెండోదానికి, ఆపైన మూడోదానికి జారాను. జారక చస్తానా! మావాళ్లలో అందరూ గోలు కొట్టడానికే పుట్టామనుకుంటారు, ఆపడానికి పుట్టినవాడు ఒక్కడూ లేడు. ఒకసారి పెనాల్టీ దొరికితే అన్నదమ్ములిద్దరు నేను తంతానంటే నేను తంతానని జుట్లు పట్టుకున్నారు. రిఫరీ ఇద్దర్నీ బయటికి పంపాడు. ఇంకోసారి హాఫ్‌టైములో మిరపకాయ బజ్జీలు మెక్కి, సెకండాఫ్‌లో నడుం పట్టుకు నిలబడ్డారు. ఓడిన ప్రతిసారీ తప్పు ఎండదే. అవతలి జట్టుకు వేరే సూర్యుడు కాబోలు!

నన్ను తగిలించిన చేతులు చాలానే మారాయి. ఆఖరికి ఓదేలు దగ్గర ఆగాను. వయసులో ఉన్నప్పుడు గోల్‌కీపరు, పదవీ విరమణ చేశాక క్లబ్బు సెక్రటరీ. ప్రతి ఆదివారం నన్ను లుంగీ అంచుతో తుడిచి మరీ చివరి కొక్కేనికి తగిలించేవాడు. ఆ తుడుపు దేనికో నాకు బోధపడేది కాదు.

రెండో ఇంక్లైన్ మూతపడింది. కుర్రాళ్లు సగంమంది వేరే ఊళ్లకు బదిలీ అయ్యారు. లీగులో జట్టు ఉన్నంతకాలమే మైదానం క్లబ్బుదనీ, లేకపోతే లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామనీ కంపెనీ చెప్పింది. సరిగ్గా ఆ ఏడే మావాళ్లు మూడో డివిజన్‌లో చివర నిలిచారు. అన్నాళ్లూ చివరి జట్టును చూసీచూడనట్టు వదిలేసేవారు. ఈసారి లీగు అధ్యక్షుడు రాజలింగు వదల్లేదు. ఆయనకు సొంత లారీలున్నాయి. పైగా ఓదేలుకు అక్క మొగుడు.

మీటింగు నా చెక్క ముందే పెట్టారు. రాజలింగు నన్ను ఊడదీసి బల్లమీద పడేశాడు.

"రూలంటే రూలే బామ్మర్దీ. ఆఖర్న ఉన్నోడు దిగాలె."

"దిగుతం బావా, నేను కాదన్ననా? ఏడికి దిగాలె?"

"ఏడికేంది, కిందికి."

"కింద ఏమున్నది?"

"ఏం లేదు. మూడోదే ఆఖరు."

ఓదేలు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కూర్చున్నవాళ్లంతా గనిలో పనిచేసినవాళ్లే. వాళ్లకు దిగుడంటే ఒకటే, షిఫ్టుకు పోవడం.

"నువ్వు దిగినోడివే, నేను దిగినోణ్నే. అడుగు లేని గనిల మనిషిని దింపుతరా బావా? దాన్ని దిగుడనరు, పడేసుడంటరు. కాలు పెట్టెటందుకు అడుగు సూపియ్యి, ఇప్పుడే దిగుత."

వెనకనుంచి ఎవరో, ఇంటికి పోయినంక అక్కకు ఏం జవాబు చెప్తావో చూసుకొమ్మని అంటించారు. నవ్వులు లేచాయి. రాజలింగుకు ఒళ్లు మండింది. నాలుగో డివిజన్ పెట్టాను, పోయి దిగు అన్నాడు. సీజను మొదలయ్యేలోపు ఇంకో జట్టు రాకపోతే లారీలు లోపలికొస్తాయని కూడా అన్నాడు.

అలా నాకో కొత్త చెక్క వచ్చింది. దాని మీద నేనొక్కదాన్నే. ఆడినవి సున్నా, ఓడినవి సున్నా, స్థానం మొదటిది. ఇన్నేళ్లు కోరుకున్న కొక్కేనికి ఎక్కితే, చూసి కుళ్లుకోవడానికి పక్కన మరో రేకు లేదు. ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ఓదేలు గడపగడపా తిరిగాడు. ఆడేవాళ్లు లేరన్నారు, మోకాళ్లు లేవన్నారు. చివరికి కంపెనీ క్యాంటీనులో పనిచేసే ఆడపిల్లలు జట్టు కట్టారు. వాళ్ల కెప్టెన్ స్వరూప రాజలింగు కూతురే. కూతుర్ని కాదనలేక ఆయనే సంతకం పెట్టాడు.

"సూడు మామా, మేం ఊకనే రాం, ఓడగొడ్తం," అంది ఓదేలుతో.

అన్నంత పనీ చేసింది. మావాళ్లు గోలు కొట్టడానికే పుట్టారు కదా, ఆ అమ్మాయిలు కొడుతుంటే నోరు తెరుచుకుని చూశారు. సాయంత్రం ఓదేలు కొత్త రేకును పైన తగిలించి, నన్ను కింది కొక్కేనికి దించాడు. రెండింటిలో రెండోదాన్ని. మళ్లీ ఆఖరే! నా ఖర్మ.

రాజలింగు వచ్చి నిలబడ్డాడు. "ఇగ ఏడికి దిగుతవు బామ్మర్దీ?"

"ఏడికీ దిగం బావా. వచ్చే ఆదివారం మల్ల ఆట ఉన్నది."

వంకరగా వేలాడుతున్న నన్ను ఓదేలు తిన్నగా సర్ది, అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ మొహం ఓడినవాడిదంటే ఎవరూ నమ్మరు. బయట లారీలు రోడ్డు మీదే ఉన్నాయి.