నున్నటి వైపు

నేను ఒక రూపాయి బిళ్ళను. ఈ ఉదయం నుంచి దొంగసొత్తును కూడా.

కాకినాడలో ఓ ఇంటి హాల్లో హెడ్ కానిస్టేబుల్ దానియేలు కుర్చీ లాక్కుని నేను పోయానన్న ఫిర్యాదు రాస్తున్నాడు. ఇంటి యజమాని, రిటైర్డ్ తాసిల్దారు జగన్నాథం గారు, బోనులో పులిలా పచార్లు చేస్తున్నారు. గుమ్మం దగ్గర పనిమనిషి నూకాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పదకొండేళ్లుగా ఈ ఇంటి అంట్లు తోముతోంది. ఇవాళ జీపెక్కిందంటే రేపటి నుంచి ఈ వీధిలో ఒక్క గడపా ఆమెను లోపలికి రానివ్వదు.

ఇంతకీ నేనెక్కడున్నానంటారా? వాళ్లకు నాలుగడుగుల దూరంలో. జగన్నాథం గారి తల్లి కామాక్షమ్మ గారు మునిమనవరాల్ని ఒళ్లో వేసుకుని మంచం మీద కూర్చున్నారు. ఆ పిల్ల పుట్టి ఇరవై రెండు రోజులు. దాని బొడ్డు మీద, గుడ్డ కట్టు కింద, నేను. అది ఊపిరి పీలిస్తే లేస్తాను, వదిలితే దిగుతాను. లక్షమంది చేతుల్లో గలగలా మోగినదాన్ని, సరిగ్గా కావలసినప్పుడు మోగలేకపోతున్నాను.

నా పుట్టుకే ఒక పొరపాటు. ఏ టంకశాలో చెప్పను, పుట్టింటి పరువు తియ్యడం నాకిష్టం లేదు. అచ్చుల మధ్యకు ఒక్క బిళ్ళ రావలసిన చోట రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. యంత్రం ఒక్క దెబ్బ కొట్టింది. సింహాలు నాకు పడ్డాయి, అంకె నా కవలకు పడింది. నా రెండో వైపు అద్దంలా నున్నగా మిగిలిపోయింది. తనిఖీ చేసేవాడు సరిగ్గా ఆ క్షణంలోనే ఆవలించాడు. అలా లోకంలోకి వచ్చాను.

లోకం నన్ను చూసి చెప్పిన మొదటి మాట, "చెల్లదు." బస్సు కండక్టరు అన్నాడు, కిరాణా కొట్టువాడు అన్నాడు, రైల్లో పాటలు పాడుకునే ఆసామి కూడా వేలితో తడిమి, "ఇది నువ్వే ఉంచుకో బాబూ" అన్నాడు. కాని నన్ను పారేసినవాడు ఒక్కడూ లేడు. ఒకడు తమలపాకు కింద దాచి పురోహితుడికి దక్షిణగా ఇచ్చాడు. ఆయన మంత్రం ఆపకుండానే నన్ను పసిగట్టి, మర్నాడు రద్దీ చూసి పూలకొట్టులో మార్చేశాడు. ప్రతివాడూ తనను మోసం చేసినవాణ్ణి బండబూతులు తిట్టాడు. తిడుతూనే తర్వాతివాడి కోసం సింహాల వైపు పైకి తిప్పి పట్టుకున్నాడు.

చివరికి ఓ టీకొట్టు డబ్బాలో జగన్నాథం గారి కంట పడ్డాను. ఆయన కళ్లు మెరిశాయి, మొహం మాత్రం మెరవలేదు. "చెల్లదండీ అది" అని టీకొట్టువాడు మొహమాటపడితే, "పోనీలే, పేదవాడివి. ఆ నష్టం నేను భరిస్తాను" అన్నారు. అదే సాయంత్రం తనలాగే నాణేలు సేకరించే మిత్రులకు ఫోన్ చేసి నా విలువ అరవై వేలని ప్రకటించారు. నేనేమీ మారలేదు. అదే మచ్చ, అదే బోసి వీపు. నన్ను చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, తన గదిలో బీరువాలో దాచారు. అప్పటి నుంచి ఈ ఇంట్లో నన్ను 'బిళ్ళ' అనడం నేరం, 'పీస్' అనాలి.

ఇవాళ ఉదయం టౌన్‌హాల్లో నాణేల ప్రదర్శన. ఆయన గర్వంగా డబ్బీ తెరిచి నా వీపు చూపించబోయారు. అందులో ఉన్నది మామూలు రూపాయి. జనం నవ్వారు. ఆయన మాత్రం తాసిల్దారు బుర్రతో ఆలోచించారు. ఉత్తినే ఎత్తుకుపోలేదు, బదులు పెట్టి పోయాడంటే దొంగ ఇంటిదొంగే. ఆ గది తుడిచేది నూకాలు ఒక్కతే. విచారణకు ముందే తీర్పు రాసిపెట్టుకోవడం ఆయనకు సర్వీసు నాటి అలవాటు.

"అయ్యగారూ, మీ బీరువా జోలికి నేనెప్పుడెల్లానండీ? మా పిల్ల మీద ఒట్టండీ!"

"ఒట్లు స్టేషన్లో వేద్దువుగాని."

"సార్, పోయిన వస్తువు ఆనవాళ్లు చెప్పండి" అన్నాడు దానియేలు.

"చాలా అపురూపమైన పీస్. స్టీలు. ఒక రూపాయి."

దానియేలు కలం ఆగింది. "రూపాయి పోయిందని కంప్లైంటు... నా ఇరవయ్యారేళ్ల సర్వీసులో మీరే ఫస్టండి."

"వెటకారాలొద్దు! ఒకవైపు సింహాలు, రెండోవైపు ఏమీ ఉండదు. నున్నగా, అద్దంలా ఉంటుంది."

కామాక్షమ్మ గారి చెయ్యి గుడ్డ మీదకు వచ్చింది. పైనుంచే నన్నొకసారి తడిమి, ఆగిపోయింది.

పాపం, ఆవిడ ఇరకాటం నాకు తెలుసు. బొడ్డు పొంగితే దానంతటదే తగ్గుతుంది, పాతకాలంలోలా బిళ్ళా గిళ్ళా కట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పిల్ల తల్లి హైమ అంతకన్నా గట్టిగా చెప్పింది. అయినా ఆవిడ రహస్యంగా కట్టారు. స్నానానికి ముందు విప్పేసి, తర్వాత మళ్లీ కట్టేస్తున్నారు. నోరు విప్పితే ఇంట్లో రభస. విప్పకపోతే నూకాలు జీపెక్కుతుంది.

"ముద్దాయి పేరు చెప్పండి సార్" అన్నాడు దానియేలు. ఆ గడి నా వీపులాగే ఖాళీగా ఉంది.

"ఇంకా చెప్పాలా? రాసుకో. నూ..."

"ఆగరా జగ్గూ!"

కామాక్షమ్మ గారు కట్టు విప్పారు. నేను వెచ్చగా ఆవిడ అరచేతిలోకి జారాను. సింహాలు చూపించి, తిప్పి, నున్నటి వైపు చూపించారు. నూకాలు ఏడుపు ఠక్కున ఆగింది.

"అమ్మా!" జగన్నాథం గారి గొంతు పెంకులెగిరేలా లేచింది. "ఇది నీ దగ్గరికెలా వచ్చింది? ఎవరు తీసిచ్చారు? ఎవరైనా సరే వదలను. పేరు చెప్పు!"

"చెప్పండి మామ్మగారూ" అన్నాడు దానియేలు, కలం గడి మీద ఆనించి.

"రాసుకో నాయనా. సోమవారం పొద్దున్న బల్ల మీద రెండు రూపాయలు పక్కపక్కన పెట్టుకుని ఫొటో తీస్తున్నాడు. 'పిల్లకి కట్టాలి, ఒక బిళ్ళ ఇయ్యరా' అని చెయ్యి చాపాను. చెవిలో ఫోను. తన పీసు గొప్ప ఎవరికో చెప్పుకుంటూ, తల తిప్పకుండా ఒకటి నా చేతిలో పెట్టాడు, రెండోది డబ్బీలో పెట్టుకున్నాడు. నున్నగా ఉంది, పిల్లకి గీసుకోదని నేనూ మురిసిపోయాను." ఆవిడ కొడుకు వంక ఒకసారి చూసి, కానిస్టేబుల్ వైపు తిరిగారు. "ఇంటిపేరుతో సహా చెప్తాను, తప్పు రాయకు. తటవర్తి జగన్నాథం."