నాలుక పోయిన గంట

నేను ఒక ఇత్తడి చేతిగంటను. డిగ్రీ కాలేజీ వాదనల పోటీ ఫైనల్లో వేళ మించిందని సుగుణాకరం మాస్టారు నన్ను ఎత్తి ఆడిస్తే, నా కడుపులో నాలుక లేదు.

ఎవరో పీకేశారు.

ఇప్పుడు స్టోర్‌రూములో విరిగిన బెంచీల కింద ఉన్నాను. తీరికే కాబట్టి చెబుతాను.

పుట్టింది శ్రీకాకుళం వైపు ఒక కంచరి కొలిమిలో. మొదట పీచుమిఠాయి బండికి కట్టారు. నేను మోగితే పిల్లలు పరుగెత్తి వచ్చేవారు. బండి మూలపడ్డాక కాలేజీకి చేరాను. ఇక్కడ నేను మోగితే మనుషులు నోరు మూసుకోవాలి. మూసుకోరు. చెప్పడానికి ఏమీ లేనివాడే "ఒక్క నిమిషం సార్" అంటాడు. వినీ వినీ అరిగిపోయాను.

ఆ ఏడాది విషయం మాత్రం ఉత్తుత్తిది కాదు. లైబ్రరీ మగపిల్లలకు ఎనిమిది దాకా, ఆడపిల్లలకు నాలుగున్నర దాకానే. గెలిచిన పక్షం మాటే అమలు చేస్తానని ప్రిన్సిపాల్ అందరి ముందూ ఒప్పుకున్నారు. వేళ పెంచాలని సత్యవేణి, కూడదని జోగినాయుడు.

జోగినాయుడి బలం గొంతు. వేణికి మాస్టారు నేర్పింది వేరు. "ముందు అవతలివాడి వాదన వాడికంటే బాగా చెప్పమ్మా. ఆ తర్వాతే జవాబు." ఆ మొదటి సగాన్ని ఆ పిల్ల ఎంత శ్రద్ధగా పట్టుకుందంటే, ప్రాక్టీసులో ప్రతిసారీ జవాబు గుమ్మంలోనే నేను మోగేదాన్ని.

"నువ్వు మా వకీలువా, ఆడి వకీలువా?" అని స్నేహితురాళ్లు దెప్పేవారు.

ఫైనల్లోనూ అదే వరస. "ఆఖరి బస్సు అయిదింటికి. దారిలో దీపాల్లేవు. రేపు ఏదైనా జరిగితే అందరూ అడిగేది కాలేజీనే. మా నాన్నే ముందు భయపడతాడు," అంది. జోగినాయుడు తల ఊపాడు. మాస్టారు నన్ను ఊపారు. చప్పుడు లేదు. ఆయన నన్ను తిరగేసి లోపలికి చూస్తుండగా, వేణి ఎప్పుడూ చేరని చోటికి చేరుకుంది.

"భయం దారిలో ఉంది. అయితే దారికి దీపాలు పెట్టించండి. బస్సు వేళ మార్చమని డిపోని అడగండి. పుస్తకాలకి తాళం వేస్తే దారికి వెలుగొస్తుందా?"

హాలంతా వింటోంది. నాకు హాయిగా ఉంది. అలా ఎంతోసేపు ఉండనివ్వరు కదా.

ప్రిన్సిపాల్ లేచారు. "గంట మోగకపోతే లాభమెవరికో తెలుస్తూనే ఉంది. ఈ అమ్మాయిని పోటీలోంచి తీసేయండి."

"నేను ముట్టుకోనేదండి," అంది వేణి. అన్ని నెలలు వాదించడం నేర్చుకున్న పిల్లకు తన కోసం రెండో మాట రాలేదు.

జోగినాయుడు ముందుకు వచ్చాడు. జేబులోంచి నా నాలుక తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిసారి అతని గొంతుకు మైకు కావలసి వచ్చింది.

"నేనే తీసినాను, సార్. ప్రాక్టీసులో నా మాట నాకన్నా బాగా ఈవిడే సెప్పేది. జవాబు కాడికొచ్చేతలికి గంట కొట్టీసీవోరు. అందరూ నేనే గెలిసినానన్నారు. దేన్ని గెలిసినానో నాకే తెల్దు. ఆ జవాబు ఓపాలి ఇందామనుకున్నాను. ఇన్నాను. నా కాడ మారుమాట నేదు, సార్."