చెరుకులో పోయిన బంతి

సోకో ఏరు పొంగి చర్చి మూడో మెట్టు మీద చేపలు ఎగిరిన ఏడాది అది. హోబో ఊళ్ళో ఏళ్ళని అలాగే గుర్తుపెట్టుకుంటారు. పిల్ల పుట్టినా, ఎద్దు చచ్చినా, వరదకి ముందా వెనకా అని అడుగుతారు. ఆ వరద పట్టుకుపోయింది పెద్దగా ఏమీ లేదు. కొన్ని మేకలు, రమ్ము పీపా ఒకటి, బేస్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న రేకుల కంచె. మేకల కోసం ఎవరూ ఏడవలేదు. పీపా కోసం కొందరు ఏడ్చారు. కంచె పోయేసరికి మాత్రం ఊరంతా గొడవ మొదలైంది.

వరదకి ముందు ఆదివారం రదామెస్ కొట్టిన బంతి ఆ కంచె దాటింది. దాంతో అతను ఊరి జట్టుకి కొట్టిన హోమ్ రన్లు నూట పద్నాలుగయ్యాయి. అన్ని కొట్టినవాడు అంతకు ముందు ఒక్కడే. ఎద్దుబండి మీద మిల్లుకి చెరుకు తోలే ముసలి ఎలిహియో. ముప్పయ్యేళ్ళుగా ఆ లెక్క దరిదాపులకి ఎవరూ రాలేదు. ఇక ఒక్కటి పడితే ముసలాయన పేరు రెండోదైపోతుంది.

కొట్టేది ఇంకెవరైనా అయితే ఊరు డప్పులు వాయించేది. రదామెస్ సంగతి వేరు. సముద్రం దాటి, ఉత్తరాది దేశంలో పెద్ద జట్లలో ఆడి పేరు తెచ్చుకున్నాడు. బలం సూదులు వేయించుకుంటూ రెండుసార్లు పట్టుబడ్డాడు. వాళ్ళు పొమ్మన్నారు. ఇంటికొచ్చి, నలభై దాటినా, ఆదివారాలు ఊరి జట్టుకి ఆడుతున్నాడు.

"సిగ్గుంటే ఆ పిల్లాడు ఇక్కడితో ఆపెయ్యాలి," అన్నాడు మంగలి కూకో, నిడియా కొట్టు ముందు డొమినో బిళ్ళ బల్ల మీద ఠపీమని కొడుతూ. "సమానంగా వచ్చాడు కదా, చాలు. టోపీ తీసి దండం పెట్టి ఇంటికెళ్ళి పడుకోమను. సూది మనిషి చెమట మనిషిని దాటడమేంటి?"

"సూది చేతికి బలమిస్తుందేమో, కంటికి బంతిని చూపిస్తుందా?" అంది లోపల్నించి నిడియా. "నువ్వూ వేయించుకో ఒకటి. రేపు నా మొగుడికి గడ్డం గీసేటప్పుడు చెవి తెగకుండా ఉంటుంది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు.

"నీకు ఫ్రిజ్ కొనిచ్చాడుగా, నువ్వలాగే అంటావు."

"జట్టుకి బస్సు కూడా కొన్నాడు. అందులో ఎక్కి ఊళ్ళు తిరిగేటప్పుడు నీకు సూది గుర్తు రాలేదే, కూకో?"

కూకో పక్కనే కూర్చున్న ఎలిహియో వైపు తిరిగాడు. "నువ్వే చెప్పన్నా. పేరు నీది. నీ నోటితో ఒక్క మాట అంటే వాడు బ్యాట్ ఏట్లో పారేస్తాడు."

ఎలిహియో కాఫీ తాగుతున్నాడు. తాగడం అయ్యాక గ్లాసు బోర్లించి, టోపీ పెట్టుకుని, బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడితే వాన పడుతుందని ఆ ఊళ్ళో సామెత.

అసలు చిక్కేమిటంటే రదామెస్ ఆయనకి పరాయివాడు కాదు. జ్ఞానస్నానం రోజున వాణ్ణి చేతుల్లో పట్టుకుని నీళ్ళ మీదికి వంచింది ఎలిహియోనే. జ్ఞానతండ్రి, అంటే పద్రీనో, కనబడితే బిడ్డే ముందుగా "దీవెన, పద్రీనో" అనాలి. ఆయన "దేవుడు దీవించుగాక" అనాలి. ఆ తర్వాతే మిగతా మాటలు. కొట్టుకున్నా తిట్టుకున్నా అక్కడ ఆ మాట ఎవరూ ఎగ్గొట్టరు. ఎలిహియో ఎగ్గొట్టాడు. ఉత్తరాన రదామెస్ సూదులు వేయించుకున్నాడని మొదట కబురు వచ్చినప్పుడు ఇదే కొట్టు ముందు నిలబడి, "అబద్ధం. నా చేతుల్లో పెరిగినోడు. ఆ పని చెయ్యడు," అని ఒట్టు పెట్టాడు. నవ్విన కూకోని చొక్కా పట్టుకుని డొమినో బల్లతో సహా కింద పడేశాడు. రెండ్రోజులకి టీవీలో రదామెస్ ఏడుస్తూ, నిజమే, చేశానన్నాడు. ఆ రోజునుంచి ఎలిహియో ఆ బల్ల దగ్గర తల దించుకునే కూర్చున్నాడు. రదామెస్ దీవెన అడిగిన ప్రతిసారీ ఎద్దుల వైపు చూశాడు.

ఆ సాయంత్రం కూడా రదామెస్ పశువుల కొట్టం దగ్గరికి వచ్చాడు. బొజ్జ, కుంటి నడక, చేతిలో టోపీ.

"దీవెన, పద్రీనో."

ఎలిహియో ఎద్దు మెడ రుద్దుతున్నాడు.

"సరేలే. ఊరంతా నన్ను చీల్చి చెండాడుతోంది. ఆపెయ్యమంటావా, ఆడమంటావా? ఒక్క మాట చెప్పు. ఆపెయ్యమంటే ఈ క్షణం ఆపేస్తా. నీ పేరు మీద కాలు పెట్టడం నాకూ ఇష్టం లేదు."

ముసలాయన చెయ్యి ఆగింది. ఆపెయ్యమని చెప్పాలనే ఉంది. ఆ పేరు ఒక్కటే కదా ఆయన సంపాదన. కానీ ఆపెయ్యమంటే అది వాడి మంచికి చెప్పినట్టు కాదు, తన పేరు కోసం చెప్పినట్టవుతుంది. ఆడమంటే సూదుల సంగతి క్షమించినట్టవుతుంది. ఆయన మళ్ళీ ఎద్దుని రుద్దడం మొదలుపెట్టాడు.

రదామెస్ టోపీ తలకి పెట్టుకున్నాడు. "నీకంటే ఈ ఎద్దే ఎక్కువ మాట్లాడుతుంది," అని నవ్వడానికి చూసి, వెళ్ళిపోయాడు.

మర్నాడు జట్ల పెద్దలు కూర్చుని తేల్చారు. రేకులు కొత్తవి కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి ఈ ఏడు పాత రూలే. ఎలిహియో ఆడిన రోజుల్లో కంచె ఎక్కడుంది? మైదానం అయిపోగానే చెరుకు తోట. బంతి చెరుకులో పడితే అవతలి జట్టు వెతుక్కోవాలి. వాళ్ళు వెతికి విసిరేలోపు కొట్టినవాడు మైదానం నాలుగు మూలలా ఉన్న బేసులన్నీ తాకుతూ చుట్టి రావాలి. వస్తే హోమ్ రన్. రాకపోతే వాడి ఖర్మ. వరద బురదకి బళ్ళు దిగక ఆ తోట ఇంకా కొట్టలేదు. చెరుకు మనిషికి రెండింతలు ఎత్తుంది.

ఈ కబురు విని కూకో షాపులో కత్తి పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. "అన్న పేరు భద్రం! పరిగెత్తడానికి సూది లేదురా నాయనా. ఆ బొజ్జ రెండో బేసుకి ఇవాళ చేరితే, వాడు రేపు చేరతాడు."

అన్నట్టే అయింది. వరసగా ఆదివారాలు రదామెస్ బంతిని చెరుకులోకి కొట్టడం, రెండో బేసు మీద మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోవడం, జనం "ఎద్దుబండి పంపమంటావా!" అని అరవడం. వాడు నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. మూడో బేసు పక్కన తన కుర్చీలో ఎలిహియో మాత్రం నవ్వేవాడు కాదు.

ఒక తెల్లవారుజామున ఎలిహియో మిల్లు కాలువ గట్టు మీద బండి తోలుకుపోతుంటే ఎదురుగా ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే రదామెస్. చొక్కా లేదు, మోకాళ్ళకి గుడ్డలు, బొజ్జ ఒకవైపు మనిషి ఒకవైపు ఊగుతూ. బండి పక్కనించి పోతూ, ఆయాసంలోనే "దీవెన, పద్రీనో" అని పోయాడు. కొంత దూరంలో గట్టు మీద వంగి కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ పరిగెత్తాడు. ఎలిహియో వెనక్కి తిరిగి, వాడు మలుపు తిరిగేదాకా చూశాడు. ఎద్దులు వాటంతట అవే నడుస్తున్నాయి.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాదే. ఏటి అవతలి జట్టు వచ్చింది. నిడియా నిప్పుల మీద మాంసం, దుంపల సాంకోచో పులుసు కుండ పెట్టి, వేపిన అరటికాయ ముక్కలు అమ్ముతోంది. కొట్టిన డప్పు కొట్టినట్టే ఉంది. అంపైర్ చర్చి గంట కొట్టే పీయో. మాస్కు కింద జపమాల వేలాడేసుకుని నిలబడ్డాడు.

ఆట చివరికొచ్చింది. రదామెస్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు.

"ఇంటికెళ్ళరా!" అన్నారు కొందరు.

"కొట్టరా!" అన్నారు మిగతావాళ్ళు.

"ఏదో ఒకటి చెయ్యండి, కుండ మాడిపోతోంది," అంది నిడియా.

రెండో బంతికే కొట్టాడు. ఆ చప్పుడు వినగానే ఎలిహియోకి తెలిసిపోయింది. బంతి మైదానం మీదుగా ఎగిరి, చెరుకు చివళ్ళ మీది వెన్నులు కదిలించి, లోపలికి దూకింది. అవతలి జట్టు వాళ్ళు ముగ్గురు తోటలోకి దూరారు. తలలు కూడా కనబడటం లేదు, చెరుకు ఊగడమే కనబడుతోంది.

రదామెస్ మొదటి బేసు దాటాడు. రెండోది దాటాడు. జనం ఒక్కసారిగా లేచారు. మూడో బేసు దగ్గరికి వచ్చేసరికి ఒక కాలు లాగేస్తోంది. బేసు మీద పాదం పెట్టి, ఆగిపోయాడు.

"ఆగావేంట్రా! పో!" అని జట్టంతా అరుస్తోంది.

వాడు వాళ్ళ వైపు చూడలేదు. కుర్చీ వైపు తిరిగాడు. రొప్పుతూ, చెమట కళ్ళల్లోకి కారుతుంటే, టోపీ తీశాడు.

"దీవెన, పద్రీనో."

డప్పు ఆగిపోయింది. చెరుకులో ఆకుల గలగల ఒక్కటే వినబడుతోంది. ఇక ఒక్క బేసే ఉంది. అది తాకితే ముసలాయన పేరు రెండోది. వాడు కదలడని అందరికీ అర్థమైంది. ఆ మాట రాకపోతే అక్కడే నిలబడి ఉంటాడు, బంతి వచ్చినా సరే.

ఎలిహియో వాడి మోకాళ్ళ గుడ్డలు చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"దొరికింది!" అని చెరుకులోంచి కేక.

"దేవుడు నిన్ను దీవించుగాక నాయనా!" అన్నాడు ఎలిహియో. ఆయన గొంతు అంత పెద్దదని ఊరికి తెలియదు. "నిలబడి చూస్తావేంట్రా వెధవా, పరిగెత్తు!"

రదామెస్ పరిగెత్తాడు. పరిగెత్తాడనడం మర్యాదకే. ఒక కాలు మీద గెంతి, రెండోది ఈడ్చాడు. బంతి చెరుకు అంచు నించి ఎగిరి, మధ్యలో ఒకడి చేతిలో పడి, మళ్ళీ ఎగిరింది. ఇంకా నాలుగడుగుల దూరం ఉందనగా రదామెస్ బోర్లా పడ్డాడు. ఆఖరి బేసు దగ్గర కాచుకున్న క్యాచర్ బంతి పట్టుకుని, పడినవాడి వీపుకి తాకించాడు.

జనం ఉస్సురన్నారు. కూకో ఎగిరి గంతేశాడు.

పీయో అవుటని చెయ్యి పైకెత్తబోయి ఆగాడు. క్యాచర్ చేతిలో బంతిని చూశాడు. తీసుకుని తిప్పి చూశాడు. బంతి నల్లగా కుళ్ళింది. కుట్లు ఊడి, లోపల్నించి చీమలు ఆయన మణికట్టు మీదికి పాకుతున్నాయి.

"ఒరేయ్, ఇది ఇవాళ్టి బంతి కాదురా," అన్నాడు పీయో చెయ్యి విదిలిస్తూ. "ఏ కాలంనాటిదో. ఇవాళ్టిది ఇంకా తోటలోనే ఉంది. ఆట నడుస్తోంది!"

అవతలి జట్టు తిట్టుకుంటూ మళ్ళీ చెరుకులోకి పడింది. రదామెస్ లేవలేదు. లేచే ఓపిక లేదు. మోచేతుల మీద పాకాడు. పిల్లలు పాకినట్టు, బొజ్జ దుమ్ములో గీత గీస్తుంటే, ఊరంతా వెనకనించి "ఒకటి! ఇంకొకటి!" అని పాడుతుంటే, పాకి పాకి చెయ్యి చాపి బేసు తాకాడు.

డప్పు మోగింది. పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తబోయినవాళ్ళు బరువుకి మళ్ళీ దింపేశారు.

"ఇదేం రికార్డురా!" అని కూకో గోల. "పాకితే లెక్కకొస్తుందా? మా ఇంట్లో మనవడు రోజూ కొడతాడు ఇలాంటివి!"

"రూల్లో పాకకూడదని ఎక్కడుంది?" అన్నాడు పీయో చీమలు దులుపుకుంటూ.

"ఆ కుళ్ళిన బంతి ఎవరిదో తెలుసా?" అన్నాడు కూకో, వదలకుండా. "అన్న కొట్టినదే. ముప్పయ్యేళ్ళుగా అక్కడ కాపు కాసింది, పాపం. అన్న నోరు తెరిచి పాడుచేశాడు గానీ..."

అందరూ ఎలిహియో వైపు తిరిగారు. ఆయన పీయో చేతిలోంచి ఆ బంతి తీసుకుని, వాసన చూసి, మొహం చిట్లించాడు.

"నాదే అయ్యుంటుంది," అన్నాడు. "రెండోవాడి బంతి ఇలాగే కంపు కొడుతుంది."

కూకో అందరికంటే పెద్దగా నవ్వాడు. పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు కూడా, పొగ అన్నాడు. నిడియా మొదటి గిన్నె సాంకోచో ఎవరికి పోయాలో తెలియక గరిటె పట్టుకుని అటూ ఇటూ చూసింది. రదామెస్ నేలమీదే కూర్చుని ఉన్నాడు. "ముందు ఆయనకే పొయ్యి," అన్నాడు. "నాకు ఇక్కడికి తెచ్చిపెట్టు. నేను ఈ జన్మకి లేవను. ఇదే నా ఆఖరి ఆట, అందరూ వినండి."

"మోకాళ్ళే చెప్పేశాయిలే, నువ్వు కొత్తగా చెప్పేదేముంది," అంది నిడియా.

ఆ సాయంత్రం తాగినవాళ్ళు తాగారు. ఆపెయ్యాల్సిందనే వాళ్ళు, మంచిపని చేశాడనే వాళ్ళు కొట్టు ముందు మళ్ళీ రెండు జట్లుగా కూర్చున్నారు. ఆ తగువు ఆ ఊళ్ళో ఇప్పటికీ తెగలేదు. ఎలిహియో ఆ రాత్రి తొందరగా పడుకున్నాడు. ఒకటి రెండు సార్లు నిద్ర పట్టక దొర్లాడు. పేరు పోయినందుకు బాధ లేదని కాదు.

మర్నాడు పొద్దున్నే లేచి, మిల్లుకి వెళ్ళలేదు. ఎద్దుల్ని కట్టి, బండిలో ఎండు చెరుకాకు మందంగా పరిచి, పైన తన దుప్పటి వేశాడు. బండి తీసుకెళ్ళి రదామెస్ గుమ్మం ముందు ఆపాడు. మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచిన మనిషిని చంకల కింద చేతులు వేసి పైకెక్కించి, పై ఊళ్ళో ఎముకలు సర్దే ముసలమ్మ దగ్గరికి, దారిలో గుంటలన్నీ తప్పిస్తూ, నెమ్మదిగా తోలుకుపోయాడు.