ఉతికిన చొక్కాలు

హేమచంద్ సారు గుండె ఆగి పోయినప్పటినుంచి కాజు సరిగ్గా తినడం లేదు. బయట వదిలితే సారు కారు కోసం శంకర్‌పల్లి రోడ్డెక్కుతోందని ఆ కుక్కను మొయినాబాద్ ఫామ్‌హౌస్ లోపలే ఉంచారు. అక్కడేమో పొద్దస్తమానం తలుపు దగ్గర పడుకునే ఉంటోంది. ఇంట్లోనే దాని ముక్కుకు పని చెప్పండి, ఇట్లాగే ఉంటే నెల బతకదు అన్నాడు పశువుల డాక్టరు. అందుకని సారు భార్య ప్రణీత, పనిమనిషి సారమ్మ కలిసి తువ్వాలు మడతల్లో, బోర్లించిన గిన్నెల కింద చికెన్ ముక్కలు దాచసాగారు. కాజు ఒకసారి వాసన చూసి, ఇదా మీ తెలివి అన్నట్టు మొహం తిప్పుకునేది.

"ఆయన చొక్కా దాచుదాం సారమ్మా. దాన్నయినా వెతుకుతుందేమో," అంది ప్రణీత అల్మారా తెరుస్తూ.

సారమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. చావు జరిగిన ఇంటిని కడగకుండా ఉంచకూడదని ఆమెకు తల్లి నేర్పింది. మూడో రోజున, ప్రణీత మంచం దిగలేక పడి ఉంటే, ఎవరూ చెప్పకుండానే సారు బట్టలన్నీ దిండు గలీబులతో సహా వేడినీళ్లలో నానబెట్టి ఉతికేసింది. గదులన్నీ ఫినాయిలుతో తుడిచింది. పాపం, ఎంతో ప్రేమగా చేసిన పని అది.

ప్రణీత ఒక్కో చొక్కా ముక్కుకు ఆనించుకుంది. అన్నీ సబ్బు వాసనే.

"నేనే ఉతికిన అమ్మా. మా దిక్కు గట్లనే చేస్తరు," అంది సారమ్మ.

ప్రణీత చొక్కాలను ఒక్కొక్కటిగా మడిచి అల్మారాలో పెట్టసాగింది. తిట్టినా బాగుండేదనిపించింది సారమ్మకు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన చలికాలం సారు తన మంకీ క్యాప్ తీసి, గేటు దగ్గర కాపలా ఉండే ఆమె మొగుడు యోసేపుకు ఇచ్చాడు. సారమ్మ తమ గదికి పరుగెత్తి దాన్ని తెచ్చింది. ఆ తొందరలో ఇంటి తలుపు వేయడం కూడా మరిచిపోయింది.

"ఇది సారుదే అమ్మా. ఒక్కపారి గూడ ఉతకలే."

ప్రణీత దాన్ని సోఫా దిండు వెనక దాచింది. "వెతుకు కాజూ."

కాజు లేచింది. గాలి పీల్చింది. ఇన్నాళ్లకు తోక ఆడింది. గదంతా తిరిగి, దిండు తోసి, టోపీ లాగింది. ప్రణీత నేలమీద కూర్చుని చేతులు చాచింది. కాజు ఆమెను దాటుకుని గుమ్మం దిగి, గేటు దాకా పరుగెత్తి, టోపీని యోసేపు కాళ్ల దగ్గర పెట్టింది.

"నా టోపీ యాడ దొరికింది బిడ్డా నీకు," అన్నాడు యోసేపు.

కాజు కాసేపు నిలబడి, తిరిగొచ్చి తలుపు దగ్గర పడుకుంది.

"రేపు చికెనే దాచుదాం సారమ్మా," అంది ప్రణీత, అల్మారా మూసేస్తూ.